కారు లైసెన్సుతో ఇల్లు నడుపుతున్నాం

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 26,000 పౌండ్ల లోపు ఆర్వీని, అంటే పడకలు, వంటగది ఉన్న ఇంటిబండిని, మామూలు కారు లైసెన్సుతో నడపొచ్చు. వేసవిలో మనవాళ్ళు ఎక్కువగా అద్దెకు తీసుకునేది క్లాస్ సి బండి, అంటే డ్రైవరు నెత్తి మీద పడక ఉండేది. సాధారణంగా అది ఫోర్డ్ ఈ-450 చాసీ మీద కట్టినదై ఉంటుంది. మనుషులు, నీళ్ళు, సామాన్లు కలిపి 14,500 పౌండ్ల దాకా తూగుతుంది. ఇంచుమించు నాలుగు క్యామ్రీ కార్ల బరువు. ఎత్తు పదకొండు పన్నెండు అడుగులు. దాని తాళాలు చేతికిచ్చే ముందు మనకు ఎవరూ పరీక్ష పెట్టరు. ఒక వీడియో, ఓ అరగంట డెమో, నాలుగు సంతకాలు, అంతే.

దారిలో బండి ఆగిపోతే, గుండె జారే సంఘటన జరిగితే, 'మన టైం బాలేదు' అనేసుకుంటాం. నేను ఒప్పుకోను. ఆ భయాల్లో చాలావాటికి బీజం పడేది అద్దె యార్డులోనే. పొద్దున విమానం దిగి, మధ్యాహ్నం బండి తీసుకుని, కాస్కోలో సరుకులు నింపుకుని, రాత్రికల్లా మూడొందల మైళ్ళు కొట్టేయాలన్న ప్లాన్‌లోనే సగం ప్రమాదం ఉంది. యార్డులో రెండు గంటలు గడపండి. మొదటి రాత్రి మకాం యాభై మైళ్ళ లోపే పెట్టుకోండి. ఏదన్నా తేడా చేస్తే వెనక్కి వెళ్ళి మార్చుకోవచ్చు.

ఆ రెండు గంటల్లో మొదటి అరగంట టైర్లకే. ఆర్వీ టైరు అరిగి పోవడం కంటే ముసలిదై పోవడమే ఎక్కువ. ఏడాదిలో సగం రోజులు ఎండలో కదలకుండా నిలబడితే పైన గాడులు కొత్తవాటిలా మెరుస్తుంటాయి, లోపల రబ్బరు పెళుసెక్కిపోతుంది. టైరు పక్కగోడ మీద 'డాట్' అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఆరేళ్ళు దాటినదైతే మొహమాటపడకుండా వేరే బండి అడగండి. ఆ అంకెలు ఒకవైపే ఉంటాయి కాబట్టి వంగి లోపలివైపు కూడా చూడాల్సి రావచ్చు.

వెనక ఇరుసుకు ఒక్కో పక్క రెండేసి టైర్లు. లోపలి టైరును ఎవరూ చూడరు, గాలి కొలిచేవాడూ ఉండడు. అందులో గాలి దిగిపోతే దాని బరువంతా పక్క టైరు మీద పడుతుంది, అది వేడెక్కి పేలుతుంది. మామూలు గేజి లోపలి వాల్వుకు అందదు. అడుగు పొడవుండి, తల రెండు వైపులా తిరిగి ఉండే ట్రక్కు గేజి కొనుక్కోండి, పెద్ద ఖరీదు కాదు. టైరు మీద ఉన్న 80 పీఎస్ఐ గరిష్ఠం మాత్రమే. ముందు టైర్లకెంత, వెనక వాటికెంత అన్నది డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు చెప్తుంది. పొద్దున బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. నడిచి వేడెక్కాక పెరిగిన ఒత్తిడి చూసి గాలి తీసేయడం చాలామంది చేసే తప్పు.

ఇంత చూసినా టైరు పేలిందనుకోండి. బ్రేకు తొక్కాలని కాలు ఉరుకుతుంది, తొక్కకూడదు. ముందు టైరు పేలితే బండి అటువైపు లాగుతుంది. బ్రేకు వేస్తే బరువంతా ముందుకొచ్చి ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలకుండా, అవసరమైతే క్షణంపాటు కాస్త నొక్కి, బండి తిన్నగా నిలిచాకే మెల్లగా వదలాలి. దానంతటదే నెమ్మదించాక రోడ్డు అంచున ఉండే షోల్డర్‌లోకి దించాలి. దిగేటప్పుడు కుడివైపు తలుపు నుంచి దిగి గార్డ్‌రైల్ అవతల నిలబడాలి. తర్వాత ఒకసారి బండి కిందకి చూడండి, ముక్కుతో కూడా. ఊడిన టైరు తొక్క కొరడాలా కొట్టి ప్రొపేన్ (వంటగ్యాసు) గొట్టాన్నో, మురుగు పైపునో, వైర్లనో తెంపేసి ఉండొచ్చు. చాలా అద్దె బళ్ళలో స్టెప్నీ ఉండదు. రోడ్‌సైడ్ సాయం వాళ్ళకు మైలు మార్కరు నంబరు, టైరు సైజు చెప్తే సగం పని అయినట్టే.

ఇక కొండ దిగడం. 'ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు' అనేది మన ఘాట్ రోడ్ల లారీ డ్రైవర్లు క్లీనర్‌కు నేర్పే మొదటి పాఠం. ఇక్కడ ఆటోమేటిక్ అలవాటై ఆ పాఠం మరిచిపోయాం. దిగువకు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే ప్యాడ్లు కాలి, బ్రేకు ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ మెత్తబడి నేలదాకా పోతుంది. వాలు మొదలవక ముందే గేరు లివరు మీదున్న టో-హాల్ బటన్ నొక్కి, లివర్ని ఒక మెట్టు తగ్గించి, ఇంజనుతోనే బండిని పట్టించాలి. అప్పటికీ వేగం పెరిగితే గట్టిగా ఒక బ్రేకు వేసి ఐదు మైళ్ళు తగ్గించి పూర్తిగా వదిలేయాలి. మళ్ళీ పెరిగితే మళ్ళీ అంతే. ఇంజను అరుస్తుంటే కంగారొద్దు, అది దాని పని చేస్తోంది. కాలిన వాసన వస్తే మొదట దొరికిన చోట ఆపి చల్లారనివ్వండి. బ్రేకు పూర్తిగా పోతే పక్కన కంకర పోసిన రన్‌అవే ర్యాంపులు ఉన్నది లారీలకే కాదు, మనకూ.

చికాగో నుంచో మినియాపొలిస్ నుంచో మౌంట్ రష్మోర్ మీదుగా ఎల్లోస్టోన్ వెళ్ళే కుటుంబాలు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. బిగ్‌హార్న్ కొండలు దాటడానికి యూఎస్ 14ఏ కూడా ఒక దారే, కానీ అందులో 10 శాతం వాలుంది. యూఎస్ 16 నిదానమైన దారి, ఆర్వీకి అదే నయం. ఎల్లోస్టోన్ చూశాక జాక్సన్ నుంచి పడమరకు టీటన్ పాస్ ఎక్కినా అదే 10 శాతం. వయోమింగ్ ఐ-80 మీద గాలులు మరో కథ. తేలికైన ఎత్తు బళ్ళకు రోడ్డు మూశామని బోర్డు పెడితే ఆ బోర్డు మన బండి గురించే.

ఎత్తు విషయంలో మన ఫోనును నమ్మకూడదు. గూగుల్ మ్యాప్స్ బండి ఎత్తెంతని అడగదు. నార్త్ కరోలినాలో డర్హమ్ రైలు వంతెన కింద తలలు పగలగొట్టుకున్న ట్రక్కులు ఎన్నో. ఆ వంతెన ఎత్తు మొదట 11 అడుగుల 8 అంగుళాలు. 2019లో పైకెత్తితే 12 అడుగుల 4 అంగుళాలైంది. న్యూయార్క్ పార్క్‌వేల రాతి వంతెనలు అంతకంటే తక్కువగా వంగి ఉంటాయి, అసలు ఆ రోడ్ల మీదకే ఆర్వీలు రాకూడదు. న్యూజెర్సీ నుంచి కనెటికట్ వెళ్ళే వాళ్ళకు ఫోను చూపించే దగ్గర దారి తరచూ అదే. గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు కొండ భాగంలోకి 21 అడుగుల పొడవు దాటిన బండిని రానివ్వరు. జయాన్ పార్కులో 1930 నాటి సొరంగానికి 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు దగ్గర గీత పడుతుంది. బయల్దేరే ముందు పార్కు సైట్‌లో ఆ ఏటి నియమం చూసుకోవాల్సిందే. బండి ఎత్తును ఏసీతో సహా అడుగులు అంగుళాల్లో రాసి డ్యాష్‌బోర్డుకు అతికించండి. గుర్తుంటుందిలే అనుకున్నది కంగారులో గుర్తు రాదు.

బాల్టిమోర్ సంగతి మన ఈస్ట్ కోస్ట్ వాళ్ళకు మరీ ముఖ్యం. హార్బర్ టన్నెల్‌లోకి గానీ ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెల్‌లోకి గానీ ఒక్కో సిలిండరులో పది పౌండ్లు మించిన ప్రొపేన్‌తో వెళ్ళకూడదు. ఆర్వీలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇంతకుముందు కీ బ్రిడ్జి మీదుగా చుట్టు తిరిగేవారు. 2024 మార్చి 26న అది కూలిపోయాక ఊరి చుట్టూ ఉన్న ఐ-695 రోడ్డు మీద పడమటి వైపు తిరిగి రావడమే.

అద్దె కాగితాల్లో ఇంకో మెలిక. పైభాగానికి తగిలిన దెబ్బను చాలా ఇన్సూరెన్సులు మినహాయిస్తాయి. క్రెడిట్ కార్డు రెంటల్ కవరేజీ మామూలుగా ఆర్వీకి వర్తించదు. సొంత కారు పాలసీ సంగతి ఏజెంటును రాతపూర్వకంగా అడగండి.

నడిరోడ్డు మీదే కాదు, గ్యాస్ బంకులోనూ బండికి దెబ్బలు తగులుతాయి. వెనక చక్రాల తర్వాత ఉన్న తోక, మనం తిప్పిన దిక్కుకు ఎదురుగా ఊగుతుంది. మూడడుగుల తోకకు అడుగు ఊపు అని మోటు లెక్క. పంపు పక్కన నిలిపి, స్టీరింగ్ పూర్తిగా కుడికి కోసి కదిలితే తోక ఎడమ పక్క పంపును తాకుతుంది. ముందు తిన్నగా వెళ్ళి, తోక పంపు దాటాకే తిప్పాలి. బంకులోకి రాకముందే ప్రొపేన్ కట్టేయాలన్నది వేరే చెప్పాలా?

మన వంటల దగ్గరికొద్దాం. 30 ఆంపుల ప్లగ్గు అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ 13 ఆంపుల వరకు తీసుకుంటుంది. కరెంటు మీద నీళ్ళ హీటరు ఆన్‌లో ఉంటే మరో 12, దాన్ని అందరూ మర్చిపోతారు. ఇప్పుడు ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు పెట్టారు, ఇంకో ఎనిమిది తొమ్మిది. బ్రేకరు పడిపోతుంది, 'కరెంటు పోయింది, బండి పాడైంది' అని రాత్రి తొమ్మిదింటికి కంపెనీకి ఫోను. హీటరును గ్యాసు మీదకు మార్చి, వంట అయ్యేదాకా ఏసీ ఆపితే చాలు. అసలు భయపడాల్సింది పెడెస్టల్, అంటే క్యాంప్‌గ్రౌండ్‌లో మనం ప్లగ్గు పెట్టే కరెంటు స్తంభం, వైరింగ్ తప్పుగా ఉన్నప్పుడు. తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి జుమ్మన్నదంటే బండి ఒళ్ళంతా కరెంటుందని అర్థం. బ్రేకరు కట్టేసి, ప్లగ్గు పీకి, పిల్లల్ని తడి కాళ్ళతో దగ్గరికి రానివ్వకుండా, సైటు మార్చమని అడగాలి. పెడెస్టల్‌కూ మన వైరుకూ మధ్య పెట్టే సర్జ్ ప్రొటెక్టర్ ఇలాంటి తప్పును ముందే పట్టిస్తుంది. వోల్టేజి బాగా పడిపోయినప్పుడు కరెంటు ఆపేసే రకమైతే జులై మధ్యాహ్నం క్యాంప్‌గ్రౌండ్ నిండినప్పుడు ఏసీ కంప్రెసర్‌నూ కాపాడుతుంది.

తిరగమోత పొగకు స్మోక్ అలారం మోగుతుందని బ్యాటరీ పీకేసే పద్ధతి మనలో ఉంది. ఆర్వీలో ఇది చాలా పెద్ద తప్పు. పోపు బయట బల్ల మీద పెట్టుకోండి. నేల దగ్గరున్న ప్రొపేన్ అలారం మోగితే మాత్రం స్విచ్చులు ముట్టుకోకుండా అందరూ దిగి, బయట ట్యాంకు వాల్వు కట్టేయాలి. ప్రొపేన్ గాలికంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది, అందుకే ఆ అలారం అక్కడ ఉంది. ఫ్రిజ్ వైపు నుంచి ఘాటైన అమ్మోనియా వాసన వచ్చినా ముందు దిగడమే. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్‌ను వాలులో నిలిపి వాడకూడదని చెప్పేది ఇందుకే.

బ్రేక్‌డౌన్ అనిపించి బ్రేక్‌డౌన్ కానివి కొన్నున్నాయి. పెట్రోలు పావు ట్యాంకుకు దిగగానే జెనరేటర్ ఆగిపోతుంది. అడవిలో చిక్కుకోకుండా దాని పైపును కావాలనే అంత ఎత్తులో పెడతారు. ప్రొపేన్ నిండుగా ఉన్నా తెల్లవారుజామున మూడింటికి ఫర్నేస్ చల్లగాలి ఊదుతుందా? తప్పు గ్యాసుది కాదు, బ్యాటరీది. ఫర్నేస్ ఫ్యాను ఏడెనిమిది ఆంపులు లాగుతుంది. బ్యాటరీ నీరసిస్తే ఫ్యాను వేగం చాలక లోపలి రక్షణ స్విచ్చు మంట వెలగనివ్వదు. పొద్దున ఇంజనే స్టార్టు కాకపోతే డ్యాష్‌బోర్డు మీద 'బూస్ట్' అనే బటన్ వెతకండి. దాన్ని నొక్కిపట్టి తాళం తిప్పితే బండిలో ఇంటి భాగానికి కరెంటిచ్చే బ్యాటరీ ఇంజనుకు సాయం చేస్తుంది. డెమోలో ఈ మూడూ అడిగి చూపించుకోవాలి. జెనరేటర్ వేసుకుని నిద్రపోవడం మాత్రం ఎంత చలైనా, ఎంత ఉక్కపోతైనా వద్దు. కార్బన్ మోనాక్సైడ్ నిద్ర లేపదు.

'ఏడుగురు పడుకోవచ్చు' అన్న బండిలో సీటుబెల్టులు ఐదే ఉండొచ్చు. బుక్ చేసేటప్పుడు లెక్కపెట్టాల్సింది పడకల్ని కాదు. బండి కదులుతుండగా అత్తయ్యగారు లేచి టీ పెట్టడం, పిల్లలు పై పడకలో పడుకోవడం సరదాగానే కనిపిస్తాయి, ఒక్క సడన్ బ్రేకు పడేదాకా. వంటకు, టీకి బండి ఆపండి. రోజుకు 300 మైళ్ళు, మధ్యాహ్నం మూడు లోపు మకాం అన్నది ఆర్వీ వాళ్ళ పాత లెక్క. వాట్సాప్‌లో తిరిగే మన ఐదు రోజుల ప్లాన్లలో అది ఎక్కడా ఇమడదు. అలాంటప్పుడు తగ్గించాల్సింది చూడాల్సిన చోట్లని.

మన తెలుగు సంఘాలకు ఒక సూచన. ఉగాది, వనభోజనాల మధ్య ఏటా ఒక శనివారం ఖాళీ పార్కింగ్ లాటులో ఒక ఆర్వీని అద్దెకు తెచ్చి నిలపండి. తోక పక్కన ప్లాస్టిక్ కోన్లు పెట్టి, వెళ్ళబోయే వాళ్ళందరి చేతా ఒక కుడి మలుపు తిప్పించండి. లోపలి టైరు గాలి కొలిపించండి. తర్వాత వెనక గది కిటికీ ఎర్ర పిడి తీసి, ప్రయాణంలో ఉండే ప్రతి మనిషీ అందులోంచి దిగగలరా చూడండి. మంట వంటగది వైపు లేస్తే తలుపు దాకా రావడానికి దారి ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు ఆ కిటికీ దిగలేరని అక్కడే తేలిపోతే, ఆయన పడక వెనక గదిలో కాదు, తలుపు పక్కన డైనెట్ (పడకగా మారే భోజనాల బల్ల) మీద వేయాలి.