శిలీంధ్రాలపై ఈ చిన్నచూపు ఇంకెన్నాళ్లు?

2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ పేరు వింటేనే తెలుగు రాష్ట్రాలు వణికిపోయాయి. కరోనా నుంచి గట్టెక్కామని ఊపిరి పీల్చుకున్నవాళ్లలో కొందరికి ముఖం వాచింది, చూపు పోయింది. ప్రాణం నిలబెట్టడానికి కన్నే తీసేయాల్సి వచ్చింది. దానికి మందైన యాంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ల కోసం బంధువులు కాళ్లరిగేలా తిరిగారు. నిజానికి ఆ బూజు నల్లనిది కాదు. అది రక్తనాళాలను మూసేస్తే చచ్చిన కణజాలం నల్లబడుతుంది. కొత్తగా ఊడిపడిందీ కాదు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉండేదే. అదుపు తప్పిన షుగరు, అతిగా వాడిన స్టెరాయిడ్లు దానికి తలుపులు తెరిచాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో 19 ప్రమాదకర శిలీంధ్రాలతో తొలి జాబితా ప్రకటించింది. మన దగ్గర మాత్రం భయంతో పాటే పాఠమూ మరుగున పడింది.

శిలీంధ్రాలు భయపడినప్పుడే గుర్తొస్తే అవి చేసే మేలు కనిపించదు. నేల మీది మొక్కల్లో అత్యధికం వేళ్ల దగ్గర శిలీంధ్రాలతో పొత్తు పెట్టుకునే బతుకుతున్నాయి. వేరు చేరలేని చోటికి వాటి సన్నని పోగులు పాకి భాస్వరం, నీరు అందిస్తాయి. బదులుగా మొక్క తాను తయారుచేసిన చక్కెరలో వాటా ఇస్తుంది. పడిపోయిన మాను మళ్లీ మట్టిలో కలవడం కూడా ప్రధానంగా వీటి చలవే. బూజు నుంచే పుట్టిన పెన్సిలిన్ మందు సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ విషయం మన రైతులకు కొంత తెలుసు. మాగిన పశువుల ఎరువులో వేపపిండి, ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెసంచులు కప్పి వారం పది రోజులుంచుతారు. ఎరువంతా బూజు అల్లుకున్నాక పొలంలో చల్లితే వేరుకుళ్లు, ఎండు తెగులు చాలావరకు అదుపులో ఉంటాయి. తెగులు తెచ్చేదీ శిలీంధ్రమే, దాన్ని అడ్డుకునేదీ శిలీంధ్రమే. ఏది ఏదో తేల్చి చెప్పే నిపుణుడు మండలానికి ఒక్కరైనా ఉండొద్దా?

వేరుశనగ మరీ ఆందోళన కలిగిస్తోంది. కాయ సరిగా ఆరకపోతే పట్టే ఆస్పర్‌జిల్లస్ బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని విడుస్తుంది. అది కాలేయ క్యాన్సర్‌కు కారకం. గింజ పైకి బాగానే కనిపించవచ్చు, వేయించినా విషం పూర్తిగా పోదు. దీన్ని తక్కువ ఖర్చుతో పట్టుకునే పరీక్షను పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఎప్పుడో రూపొందించింది. ఇంత దగ్గరున్న విద్య మార్కెట్ యార్డు దాకా రాకపోవడం బాధాకరం.

చిలీ దేశం దశాబ్దం కిందటే పర్యావరణ చట్టంలో శిలీంధ్రాలకు చోటిచ్చింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువులు, మొక్కల దగ్గరే ఆగిపోయింది. దాన్ని సవరించడానికి సమయం పడుతుంది. కానీ జిల్లా ఆసుపత్రిలో ఫంగస్ నిర్ధారణ ల్యాబు, యార్డుల్లో అఫ్లటాక్సిన్ పరీక్ష, రైతుకు కాయ ఆరబెట్టే సదుపాయం రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో పనులే. ఖరీఫ్ వేరుశనగ యార్డుకు చేరేలోపే వీటికి నిధులు కేటాయించాలి.