గవర్నర్ గారి తాకట్టులో మా డాబా

మా ఇల్లు గవర్నర్ గారి దగ్గర తాకట్టులో ఉందని నాకు మొన్న మే నెలలో తెలిసింది. ఏలూరులో మా నాన్న కట్టిన మూడు గదుల డాబా, పెరట్లో రెండు కొబ్బరి చెట్లు, నుయ్యి, నూతి పళ్లెం, అన్నీ కలిపి 1986 నుంచీ తాకట్టులోనే ఉన్నాయట. తెలియక ఇన్నాళ్లూ కాయలు మేమే దింపించుకుని పచ్చడి చేసుకున్నాం. గవర్నర్ గారు పెద్ద మనసుతో క్షమించాలి.

ఇల్లు అమ్ముదామని బేరం పెట్టాం, బయానా కూడా తీసుకున్నాం. కొనేవాళ్లు బ్యాంకు లోనుకి వెళ్లారు. బ్యాంకు తరఫు లాయర్లు చాలామంది 30 ఏళ్ల ఈసీతో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్లూ చూపించే కాగితంతో, సరిపెట్టుకుంటారు. మాకు తగిలినాయన శ్రద్ధ గల మనిషి. కంప్యూటర్లో ఈసీ 1983 జనవరి 1 నుంచీ దొరుకుతుంది కదా, దొరికేదాన్ని వదలడం ఎందుకని అక్కడి నుంచే తీయించాడు. 1982 డిసెంబరులో అప్పు చేసినవాళ్ల పిల్లలు ఎవరూ పాత వాల్యూములు తిరగేయకపోతే హాయిగా ఇళ్లు అమ్ముకుని వెళ్లిపోతున్నారు. మా నాన్న మాత్రం ఒక్క నాలుగేళ్లు ఆగి అప్పు చేశాడు. తనఖా దస్తావేజు, రాసిచ్చినవారు మా నాన్న, రాయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్ గవర్నర్.

లాయరు గారు ఆ లైను మీద వేలు పెట్టి, "మీ ఫాదరు గారికి రాజ్‌భవన్‌లో ఎవరైనా తెలుసాండీ?" అన్నారు. వేళాకోళమో నిజమో ఇప్పటికీ అర్థం కాలేదు.

సంగతి ఏమిటంటే మా నాన్న సర్కారు బడిలో మాస్టారు. ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగి ఇల్లు కట్టుకోవాలంటే హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు పెట్టుకునేవాడు. డబ్బిచ్చేది ప్రభుత్వం, కానీ రాష్ట్ర ప్రభుత్వం చేసుకునే ఒప్పందాలన్నీ గవర్నరు పేరు మీద రాసుకోవాలని రాజ్యాంగం 299వ అధికరణం చెబుతుంది. ఆ ఒప్పందాలకి గవర్నరు వ్యక్తిగతంగా బాధ్యుడు కాడని కూడా అందులోనే రెండో క్లాజులో రాసిపెట్టారు. ముందుచూపు అంటే అదీ. మా నాన్నకి అలాంటి క్లాజేమీ పెట్టలేదు. ఆయన వ్యక్తిగతంగానే బాధ్యుడు, ఆయన పోయాక నేను.

ఇక అప్పటి నుంచీ మా డాబా ఎంతమంది చేతులు మారిందో చూడండి. తాకట్టు రాసిననాడు గవర్నరు కుముద్‌బెన్ జోషి. ఆవిడ తర్వాత కృష్ణకాంత్ వచ్చారు, మా డాబాని ఏడేళ్లు చూసుకుని ఉపరాష్ట్రపతిగా వెళ్లారు. ఆ తర్వాత సి.రంగరాజన్, అంటే అంతకుముందు రిజర్వు బ్యాంకుకే గవర్నరు. దేశం డబ్బంతా చూసుకున్న మనిషి వచ్చి మా నూతి పళ్లెం దగ్గర ఆగారు. బర్నాలా, షిండే, ఠాకూర్, తివారీ, తర్వాత నరసింహన్. ఇంతమంది వచ్చి వెళ్లారు, ఒక్కరూ డాబా సంగతి ఎత్తలేదు. అప్పు తీరింది కాబట్టే ఎత్తలేదని నా అమాయకపు నమ్మకం.

అప్పు 36,000. నెలకి 240 చొప్పున 150 వాయిదాలు అసలు, ఆ తర్వాత వడ్డీ. మొత్తం 2002కల్లా తీరిపోయింది. మా నాన్న చేసిన తప్పల్లా, అప్పు తీరితే తీరిపోయినట్టే అనుకోవడం. తీరాక బాకీ లేదని చెప్పే నో డ్యూ సర్టిఫికెట్ పుచ్చుకుని, గవర్నరు తరఫున ఓ అధికారి చేత విడుదల పత్రం రాయించుకుని, దాన్ని మళ్లీ రిజిస్టరు చేయించాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నెలనెలా జీతంలో వాయిదా కోసినవాళ్లూ చెప్పలేదు. (మీ ఇంట్లో పెన్షన్ పుచ్చుకునే పెద్దవాళ్లుంటే ఇది చదవడం ఆపేసి ఈసీ తీయించుకురండి, నేనెక్కడికీ పోను, ఈ ఆఫీసు వరండాలోనే ఉంటాను.)

సరే, విడుదల పత్రం ఎవరివ్వాలి? అప్పు మంజూరైనప్పుడు మా నాన్న పనిచేసిన జిల్లా 2014 జూన్ 2 నుంచి తెలంగాణలో ఉంది. ఇల్లు ఆంధ్రాలో ఉంది. ఇటు ఆఫీసులో, "డబ్బిచ్చింది అటువాళ్లు కదండీ, ముట్టిందో లేదో మాకేం తెలుస్తాదండీ" అన్నారు. అటు ఆఫీసులో, "కాగితంల ఆంధ్రప్రదేశ్ గవర్నర్ అని రాసున్నది గద సార్, మేమెట్ల విడుదల చేస్తం?" అన్నారు. ఇద్దరూ మర్యాదగానే అన్నారు, ఇద్దరూ కుర్చీ వేశారు, ఇద్దరూ టీ తెప్పించారు. రాష్ట్రాలు విడిపోయినా టీ రుచి విడిపోలేదు. 2014 నుంచి 2019 జులై దాకా రెండు రాష్ట్రాలకీ ఒక్క నరసింహన్ గారే గవర్నరు. ఆ ఐదేళ్లలో అడిగి ఉంటే కుడి చేత్తో ఇచ్చి ఎడమ చేత్తో పుచ్చుకునే పని. ఇల్లు అమ్మే ముహూర్తం పెట్టేటప్పుడు వర్జ్యం చూశాం గానీ ఇది చూడలేదు. ఇక కుక్కునూరు, వేలేరుపాడు వైపు ఉద్యోగాలు చేసినవాళ్ల గతి తలుచుకుంటే నాది నయం. ఆ మండలాలు ఖమ్మం నుంచి పశ్చిమ గోదావరిలోకి వచ్చాయి, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నాయి. ఊరు ఇటు వచ్చేసింది, వాళ్ల కాగితాలు ఏ గట్టు మీద దిగాయో.

నాలుగు నెలలు తిరిగాక లెక్కలు చూసే ఆఫీసుకి ఫైలు చేరింది. అక్కడి సూపరింటెండెంటు మంచివాడు. పాత లెడ్జరు తెప్పించి, దుమ్ము దులిపి, వాయిదాలు ఒక్కొక్కటే పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ వెళ్లాడు. నూట నలభై తొమ్మిది దగ్గర ఆగాడు.

"1991 ఆగస్టు ఏదండీ?" అన్నాడు, ఆ నెలని నేను జేబులో పెట్టుకు వచ్చినట్టు.

"జీతంలోనే కోసుకున్నారు కదండీ. చేతికొస్తేనే కదా ఎగ్గొట్టడానికి."

"కోసే ఉంటారండీ. కోసినట్టు మాకు రాలేదు."

"సెప్టెంబరు వచ్చిందా?"

"వచ్చింది. అక్టోబరూ వచ్చింది. మాస్టారు చాలా రెగ్యులరండీ" అని మెచ్చుకున్నాడు కూడా. దీన్ని వాళ్ల భాషలో మిస్సింగ్ క్రెడిట్ అంటారు. జీతం బిల్లు వెనక కోతల షెడ్యూలు అని ఓ కాగితం ఉంటుంది, అది దారిలో ఎక్కడో జారిపోతే, కోసిన డబ్బు ప్రభుత్వానికి చేరుతుంది గానీ ఎవరి పేరు మీదా చేరదు. పరిష్కారం చాలా సులువు. ఆ నెల వోచరు నంబరు, తేదీ ట్రెజరీ నుంచి తెచ్చుకుంటే చాలు.

ట్రెజరీకి వెళ్లాను. అన్నేళ్ల నాటి వోచర్లు గడువు తీరాక తీసేస్తామన్నారు. పోనీ తీసేసినట్టు ఓ కాగితం రాసివ్వమన్నాను. "తీసేసినట్టు రాయాలంటే రికార్డు చూడాలి కదండీ" అన్నారు. రికార్డేదీ? తీసేశారు. బడికి వెళ్లాను. హెడ్మిస్ట్రెస్ గారు పాపం స్వయంగా బీరువా తీయించారు. 1990 పే బిల్లుల నకళ్లు ఉన్నాయి, 1992వీ ఉన్నాయి, మధ్యలో ఓ చెదపుట్ట ఉంది. 34 ఏళ్లుగా ఇంతమంది అధికారులకి దొరకని ఆగస్టు చెదపురుగులకి దొరికింది.

అప్పుడు అమ్మ నాన్న డైరీలు తీసింది. ఆయన రోజూ రాత్రి పడుకునే ముందు పైసాతో సహా లెక్క రాసేవాడు. 1991 ఆగస్టు జీతం రోజు కింద, "ఇంటి అప్పు కోత 240" అని ఉంది. దాని కిందే "పాలు పావులీటరు చాలునని చెప్పితిని" అని ఉంది. ఆ డైరీ పట్టుకెళ్లి ఆఫీసులో బల్ల మీద పెట్టాను. సూపరింటెండెంటు చదివాడు, కాసేపు ఆ పేజీ మీదే చెయ్యి ఉంచాడు, తర్వాత "ప్రైవేటు డైరీ చెల్లదండీ" అన్నాడు.

ఎందుకు చెల్లదు? ఎవరిది చెల్లుతుంది మరి? తన పుస్తకంలో ఓ నెలకి నెల పారేసుకున్నవాడి లెక్క చెల్లుతుందా? రెండు టెరికాటన్ ప్యాంట్లతో పదేళ్లు బడికి వెళ్లి, బస్సుకి అర్ధరూపాయి మిగులుతుందని రెండు స్టాపులు ముందే దిగి నడిచి, ఒక్క రోజూ డైరీ రాయకుండా పడుకోని మనిషి చేతిరాత చెల్లదా? రిటైరైనప్పుడు పైసా బాకీ ఉన్నా గ్రాట్యుటీలో విరుచుకునే ప్రభుత్వం, ఆయనకి గ్రాట్యుటీ మొత్తం ఇచ్చి దండ వేసి పంపించింది. ఆ రోజు లేని బాకీ ఆయన పోయాక ఎక్కడి నుంచి పుట్టింది? వాళ్లు నాకు పంపిన ఉత్తరంలో మా నాన్న పేరు ముందు "బకాయిదారు" అని ఉంది. ఎన్నో ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినవాడండీ ఆయన. ఆ ఉత్తరం అమ్మకి చూపించలేదు. పోస్టులో ఇంకా రాలేదని చెప్పాను.

బ్యాంకులైతే 2023 డిసెంబరు 1 నుంచి, అప్పు తీరిన 30 రోజుల్లో కాగితాలు తిరిగిచ్చి, రిజిస్టరైన ఛార్జీ కూడా తీసేయించాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మనకి కట్టాలి. రిజర్వు బ్యాంకు రూలు. ఆ రూలు ప్రభుత్వానికి లేదు, ఉన్నా వెనకటి అప్పులకి వర్తించదు, నాకు తెలుసు. అయినా వరండాలో వేరే పని లేక లెక్కేశాను. 23 ఏళ్లు, లీపు రోజులు వదిలేస్తే 8,395 రోజులు, 4 కోట్ల 19 లక్షల 75 వేలు. మా డాబా దాని పక్కన కాఫీ ఖర్చు. తనఖా బాకీ వసూలుకి దావా వేయడానికి మామూలు మనిషికి 12 ఏళ్లు గడువు, ప్రభుత్వానికైతే 30 ఏళ్లు. ఆ లెక్కన 1991 ఆగస్టు మీద దావాకి గడువు ఎప్పుడో తీరిపోలేదా అని లాయరు గారిని అడిగితే, "దావాకి తీరుతుందండీ, ఈసీలో గీత చెరగదు కదా" అన్నారు. ఫీజు మాత్రం అప్పుడే తీసుకున్నారు, గడువు పెట్టలేదు.

ఈలోపు కొనేవాళ్లు రోజూ ఫోను. అగ్రిమెంటు గడువు దగ్గర పడుతోంది, బ్రోకరేమో "గవర్నరు ప్రాబ్లం ఉన్న ఇల్లు కదండీ, ఓ రెండు లక్షలు తగ్గించండి" అని కొత్త పాట. చివరికి సూపరింటెండెంటే జాలిపడి దారి చెప్పాడు. "ఆ 240 మళ్లీ కట్టేయండి. పది శాతం చొప్పున 34 ఏళ్లకి వడ్డీ 816. మొత్తం 1,056. రేపే నో డ్యూ ఇచ్చేస్తాం."

కట్టాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, కట్టేశాను. నాన్న ఒకసారి కట్టిన వాయిదాని కొడుకు ఇంకోసారి చలానా తీసి కట్టాడు. పితృరుణం అంటే ఇదేనేమో అనుకుని, ఆ చలానాకి నాలుగు జిరాక్సులు తీయించుకుని ఇంటికొచ్చాను.

నో డ్యూ సర్టిఫికెట్ రేపు రాలేదు గానీ పద్దెనిమిదో రోజున వచ్చింది. విడుదల పత్రం మీద సంతకం పెట్టాల్సిన అధికారి అప్పటికి బదిలీ అయ్యారు, కొత్తాయన ఫైలు మొదటి నుంచీ చదువుతానన్నారు, చదువుతున్నారు. నిన్న సాయంత్రం సూపరింటెండెంటు ఫోను చేశాడు. గొంతులో సంతోషం.

"దొరికిందండీ ఆగస్టు! మాస్టారి పేరే ఉన్న ఇంకో మాస్టారి ఖాతాలో పడిందండీ, 240. అంటే మీరు ఎక్కువ కట్టినట్టండీ. రీఫండుకి పెట్టుకోండి, తప్పకుండా ఇచ్చేస్తారు."

"ఏం కావాలండీ దానికి?"

"ఒరిజినల్ చలానా, ఓ దరఖాస్తు, అంతేనండీ. దరఖాస్తు మీద మాత్రం అప్పు తీసుకున్నవాళ్లు, అంటే మాస్టారే, స్వయంగా సంతకం పెట్టాలండీ."