ఉమ్మడి మరక, కాకతీయ తోరణం

మా హాల్లో టీవీకి ఎదురుగా ఉన్న గోడ మీద ఒక మరక ఉంది. మూడేండ్ల కింద మేడ మీది ట్యాంకు పైపు కారినప్పుడు పుట్టింది. అప్పుడు అరచేయంతే. నేను లెక్కల సారును కాబట్టి ఏటా వానలు వెనకపట్టగానే స్కేలు పెట్టి కొలుస్తాను. మొదట్లో మొత్తం కలిసి ఒక్కటే ఉమ్మడి మరక. కిందటేడు ఐదు ముక్కలైంది. ఈ ఏడు పక్కన ఇంకో చిన్నది పుట్టింది. 2016లో మన ఉమ్మడి వరంగల్ జిల్లా ఐదు జిల్లాలైంది, ఆ తర్వాత 2019లో ములుగు ఇంకో జిల్లాగా పుట్టింది. మా గోడకు కూడా అదే జరిగింది.

దీనికి ఇన్నేండ్లు ఎవరికీ తొందర లేదు. కానీ మా పిల్లకు కరీంనగర్ సంబంధం ఖాయమైంది. వినాయక చవితి దాటిన రెండో ఆదివారం వియ్యాలవారు ఇల్లు చూడ్డానికి వస్తామన్నారు. పెయింటర్‌ను పిలిస్తే గోడను వేలితో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి విని, డాక్టరు లాగా మొహం పెట్టి "గీకి, పుట్టీ పెట్టి, చెమ్మ మందు కొట్టాలె సార్, ఏడు వేలు" అన్నాడు.

"ఏడు వేలు పెట్టి గోడను గీకిచ్చుకునుడేంది?" అన్నాను. నిజానికి అప్పటికే నా ఫోన్‌లో మూడు రోజులుగా ఒకటే రకం వీడియోలు వస్తున్నాయి. అట్టపెట్టె, పాత పేపర్లు, కొంచెం జిగురు ఉంటే చాలు, గోడ మీదికి ఏది కావాలంటే అది చేసుకోవచ్చు. వీడియోలో ఆ చేతులకు మొహం ఉండదు, చెమట ఉండదు, పక్కన పెండ్లాం కూడా ఉండదు. అందుకే అంత నున్నగా వస్తుందని నాకు తర్వాత అర్థమైంది.

మా ఆవిడ ఒక్కటే మాట చెప్పింది. "సందుగుల కొత్తవాడ శత్రంజి ఉంది. అడ్డం కడితే అయిపోతది కదా సారూ." ఆమెకు నా మీద కోపం వచ్చినప్పుడు, నా తెలివి మీద అనుమానం వచ్చినప్పుడు నన్ను సారూ అంటుంది. అంటే దాదాపు రోజూ అదే పిలుపు. వరంగల్ శత్రంజీలకు, అంటే మన నేత జంపఖానాలకు, 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది, అది నాకూ తెలుసు. కానీ కొనుక్కున్న గుడ్డను గోడకు కట్టడంలో మన చేతి పని ఏముంది?

మా గోడ మీదికి కాకతీయ తోరణం రావాలని నిర్ణయించాను. బడ్జెట్ మూడు వందలు. పాత కాపీ పుస్తకంలో గీతలు కొట్టి ఖర్చుల పట్టిక కూడా తయారు చేశాను.

అట్టపెట్టె ఫ్రీ. ఎదురింటివాళ్లు కొత్త ఫ్రిజ్ తెప్పించారు. పెట్టె ఇస్తామన్నారు గానీ ఫ్రిజ్‌ను రెండో అంతస్తుకు ఎక్కించేటప్పుడు ఒక చెయ్యి వెయ్యమన్నారు. వేశాను. నడుముకు నూనె, 85 రూపాయలు. పాత పేపర్ల కోసం అటక ఎక్కితే ఖాళీ. మొన్ననే మా ఆవిడ కిలో పన్నెండు లెక్కన పాతపేపర్ల అతనికి అమ్మేసిందట. సందు చివర అతన్ని పట్టుకుని కిలో ఇరవై లెక్కన రెండు కిలోలు తిరిగి కొన్నాను. నలభై. ఇంటికొచ్చి చూస్తే పైనున్న పేపర్లో నేను సగం నింపి వదిలేసిన పదకేళి ఉంది. నా పదకేళిని నేనే కొనుక్కున్నాను.

ఇక జిగురు. ఇక్కడ నా పుస్తక జ్ఞానం అడ్డం వచ్చింది. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా మొన్నటిదాకా మనదే కదా. అక్కడి నకాషీ కళాకారులు మాస్కులు చేసేది రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్దతోనే. గుడ్డ మీద బొమ్మలు గీయాలన్నా ముందు చింతగింజల జిగురు, సుద్ద పూయాల్సిందే. అలాంటిది వీడియోల వాళ్లు చెప్పే డబ్బా జిగురు నేనెందుకు కొంటాను? కట్టె మిషన్‌కు పోతే పొట్టు ఊరికే ఇచ్చారు. రెండు సంచులు స్కూటర్ ముందు పెట్టుకుని వస్తుంటే గాలికి సగం లేచింది. వెనక వచ్చేవాళ్లు నన్ను ఏమన్నారో హెల్మెట్ వల్ల వినబడలేదు.

చింతగింజలు మా అమ్మ దగ్గర ఉన్నాయి. అష్టాచెమ్మా ఆడటానికి డబ్బాలో దాచుకున్నవి. వాటిని వేయించి, పొట్టు తీసి, ఒక రోజు నానబెట్టి రుబ్బాలి. నాకు ఆ ఒక రోజు లేదనిపించింది. వేయించిన వెంటనే మిక్సీలో వేశాను.

చింతగింజ ఎంత గట్టిదో తెలియాలంటే మిక్సీలో వెయ్యాలి. మొదటి మూడు సెకన్లు గులకరాళ్ల వాన. నాలుగో సెకనుకు మూత లేచింది. ఒక గింజ ట్యూబ్‌లైట్ పక్క నుంచి పోయింది, ఇంకోటి దేవుని అర్రలో కంచు గంటకు తగిలి టంగుమంది. మా అమ్మ అలవాటు కొద్దీ చేతులు జోడించింది. ఆ తర్వాత మిక్సీలో నుంచి కాలిన వాసన, చివరికి నిశ్శబ్దం. మా ఆవిడ వంటింట్లోకి వచ్చి, జార్‌ను చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా పోయింది. ఆమె అరిస్తే నాకు భయం లేదు. నోరు మూసుకుంటేనే టెన్షన్. జార్ బ్లేడు, కింది కప్లరు, మోటరు కలిపి 650.

మిగిలిన గింజలు ఎట్లాగూ నానబెట్టక తప్పలేదు. తెల్లారి మా అమ్మే రోట్లో రుబ్బింది. రుబ్బుతూ అంది, "మీ అమ్మమ్మ చాటలకు గిట్లనే కాయితాలు నానబెట్టి రుబ్బి పూసేది. ఇన్ని మెంతులు కలుపుతుండె. చేదుకు పురుగు రాదు. నువ్వు గూడ ఎయ్యరాదురా."

"వీడియోల మెంతులు లేవమ్మా," అన్నాను.

మైదా కొనడానికి పోతే కిరాణా సేటు కూడా అదే రాగం అందుకున్నాడు. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు మైదా లప్పలో మైలుతుత్తం కలుపుతారట, లేకుంటే పురుగు పడుతుందట. ఎంత అంటే ఇరవై రూపాయలు. అప్పటికే మూడు వందల బడ్జెట్‌ను మిక్సీ మింగేసి ఉంది. ఎక్కడో ఒకచోట పొదుపు చెయ్యాలి కదా. మైలుతుత్తం వద్దన్నాను. మైదా కిలో 45 ఇచ్చి వచ్చాను.

తోరణం కొలతల కోసం వరంగల్ ఖిల్లాకు కూడా పోయి వచ్చాను. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. 1323లో ఢిల్లీ సైన్యానికి ఓరుగల్లు లొంగింది, మధ్యలో ఉన్న స్వయంభూ గుడి తర్వాత నేలమట్టమైంది, ఇవి మాత్రం నిలబడ్డాయి. నేను టేపు తీసి కంభం దగ్గరికి పోగానే కాపలా అతను విజిల్ ఊదాడు. దూరం నుంచే బొటనవేలు ఎత్తి, ఒక కన్ను మూసి, త్రికోణమితితో లెక్క కట్టుకున్నాను. పది మంది టూరిస్టులు నేను లిఫ్ట్ అడుగుతున్నాననుకున్నారు.

నాలుగు రోజుల పని. అట్ట కోసి, పేపర్ ముక్కలు మైదాతో అంటించి, పైన పొట్టు, చింతగింజల ముద్ద వేసి కంభాలకు చెక్కుడు గీతలు పెట్టాను. కంభాలు బాగానే వచ్చాయి, ఈ మాట మా ఆవిడ కూడా ఒప్పుకుంది. పైన రెండు వైపులా హంసలు పెట్టాలి. హంస మెడ సన్నగా వంపు తిరగాలి కదా, ముద్దకు ఆ సంగతి తెలియదు. ఎంత లాగి పెడితే అంత కిందికి కూర్చుంది. చివరికి పొట్టి మెడ, లావు పొట్ట, నెత్తి మీద నేను కిరీటం అనుకుని పెట్టిన ఎర్ర ముక్క.

మా అమ్మ కండ్లద్దాలు సర్ది చూసింది. "అంతా మంచిగున్నది గానీ, పైన గీ కోళ్లెందుకురా?"

రంగులకు 380. చౌరస్తాలో దుకాణం అతను ఒక డబ్బాతో రాయి రంగు రాదు, నాలుగు కలపాలన్నాడు. కలిపితే రాయి రంగు రాలేదు, సర్వపిండి మాడితే వచ్చే రంగు వచ్చింది.

ఆరబెట్టడం అన్నిటికంటే కష్టమైంది. మేడ మీద పెడితే కోతులు. మన దగ్గర కోతులు వడియాలే వదలవు, మైదా వాసన వస్తే ఊరుకుంటాయా? మా అమ్మ గొడుగు, కట్టె పట్టుకుని రెండు పూటలు తోరణానికి కాపలా కూర్చుంది. మూడో పూటకు వాన. తోరణం లోపలికి, ఎండ రాగానే బయటికి, మళ్లీ వాన, మళ్లీ లోపలికి. పైన ఆరింది. లోపల ఆరిందో లేదో ఎవరు చూశారు? వేలితో కొట్టి, చెవి ఆనించి విన్నాను, పెయింటర్ లాగా. టక్కుమంది. శనివారం రాత్రి గోడకు మిగిలిన చింతగింజల జిగురు దట్టంగా పూసి, తోరణాన్ని అదిమి, రెండు పక్కలా మేకులు కొట్టాను. మరక మొత్తం, ములుగుతో సహా, మాయం.

ఖర్చు కూడితే సరిగ్గా 1,200. ఏడు వేలతో పోలిస్తే 5,800 లాభం అని కాపీ పుస్తకంలో రాసి మా ఆవిడకు చూపించాను. ఆమె పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.

బుధవారం నాటికి హాల్లో పులిసిన పిండి వాసన మొదలైంది. ఇడ్లీ పిండి అనుకుని ఫ్రిజ్‌లో పెట్టించాను. శుక్రవారం హంసల రంగు కొంచెం పచ్చబడినట్టు అనిపించింది. రంగు సెట్ అవుతుందిలే అనుకున్నాను. ఆదివారం పొద్దున వియ్యాలవారి కారు హుజూరాబాద్ దాటిందని ఫోన్ వచ్చాక మా అమ్మ గోడ దగ్గర నిలబడి నిదానంగా అంది, "కోళ్లకు బొచ్చొచ్చింది గదరా."

దగ్గరికి పోయి చూశాను. వెనక గోడ చెమ్మ, లోపల ఆరని ముద్ద, దాంట్లో మైదా, చింతగింజల పిండి, రంపపు పొట్టు. బూజుకు ఇంతకంటే పెద్ద విందు ఎవరు పెడతారు? రెండు హంసల వీపుల మీద పత్తి పోగంత సన్నని వెంట్రుకలు, ఒక్కోదాని కొసన నీలం, పచ్చ కలిసిన చిన్న చుక్క. ఊదితే అన్నీ ఒక్కసారే వంగి, మళ్లీ లేచి నిలబడ్డాయి. తుడుద్దామని గుడ్డ తడిపేసరికి గేటు చప్పుడైంది. చేయగలిగింది ఒక్కటే. ఆ పక్క ట్యూబ్‌లైట్ ఆపేశాను.

వియ్యంకుడు సోఫాలో కూర్చున్నాడు. వియ్యంపురాలు నేరుగా తోరణం దగ్గరికే నడిచింది.

"అబ్బ! ఎంత మంచిగున్నదన్నయ్యా. మీరే చేసిన్రా? ఈ పచ్చ మఖమల్ ఏడ దొరికింది? మా కరీంనగర్ల గిసుంటి రంగు దొరకదు."

నేను మొహమాటంగా నవ్వాను. మా ఆవిడ టీ కప్పుల ట్రే పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. వియ్యంపురాలు ముచ్చటపడి ఒక వేలితో హంస వీపు నిమిరింది. వేలు ఆగలేదు, లోపలికి పోయింది. హంస మెడ, ఇన్ని రోజులు నేను ఎంత బతిమాలినా వంగనిది, అప్పుడు చక్కగా వంగింది. ఆ వెనకే తోరణం మొత్తం, మేకులు, రెండు జానల సున్నం పెచ్చుతో సహా, పెనం మీది నుంచి అట్టు జారినట్టు మెల్లగా జారి కింద కూర్చుంది. చప్పుడు కూడా చెయ్యలేదు. ఖిల్లాలోవి ఏడెనిమిది వందల ఏండ్లు. నాది ఎనిమిది రోజులు.

అందరం గోడకేసి చూశాం. మరక ఉంది. కానీ అది పాత మరక కాదు. జిగురు పీల్చుకున్న చోటల్లా చెమ్మ పట్టి, బూజు పట్టి, గోడ మీద నిండుగా ఒక కాకతీయ తోరణం. రెండు కంభాలు, అడ్డదూలం, పైన అటూ ఇటూ రెండు పచ్చని పక్షులు. సగం పెచ్చు ఊడినా గీత చెదరలేదు.

మా అమ్మ మెచ్చుకుంది. "ఇప్పుడు కోళ్లు మంచిగ కనవడుతున్నయ్."

ముందు నవ్వింది వియ్యంకుడే. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుని, "బావా, మా ఇంట్ల గూడ గిట్లాంటి మరకనే ఉంది. నేను బీరువా అడ్డం పెట్టిన. మీరు వచ్చినప్పుడు జరుపకున్రి," అన్నాడు. వియ్యంపురాలు చెయ్యి మూడుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చి సర్వపిండి రెండు తిన్నది. పెండ్లి ముహూర్తం మాటలు సాఫీగానే అయిపోయాయి.

పెయింటర్ మళ్లీ వచ్చాడు. ఈసారి చెవి ఆనించలేదు. చాలాసేపు చూసి, ఫోటో తీసుకుని, పెచ్చు మొత్తం కొట్టి మళ్లీ ప్లాస్టరింగ్ చెయ్యాలి కాబట్టి తొమ్మిదిన్నర వేలు అన్నాడు. అంటే మరక దాచడానికి 1,200, దానికి ముక్కులు, రెక్కలు పెట్టినందుకు ఇంకో 2,500. కాపీ పుస్తకంలో ఇది ఏ కాలమ్‌లో రాయాలో ఇంకా తేలలేదు. బతుకమ్మ పండుగ అయినంక పని మొదలుపెడతానన్నాడు.

అప్పటిదాకా మా ఆవిడ సందుగులో నుంచి శత్రంజి తీసి గోడకు కట్టింది. మేకులు ఆమే కొట్టింది, సుత్తి నా చేతికివ్వలేదు. ఎర్ర, నల్ల చారల శత్రంజి, చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఇంటికి ఎవరు వచ్చినా మా అమ్మ ఊరుకోదు. వాళ్లను చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకుపోయి, శత్రంజి కొస ఎత్తి, గొంతు తగ్గించి చెప్తుంది.

"మా వాడు చేసిండు. హంసలట."