బహుమతి సంగతి సరే, మన సమాజం ఆడగలదా?

పరిషత్తుల (నాటిక పోటీల) సందడి తగ్గాక గుంటూరు, తెనాలి, విజయవాడ నాటక సమాజాల వాళ్లు ఒకరినొకరు అడిగే మాట ఒకటుంది: "కొత్త నాటిక ఏదన్నా ఉంటే చెప్పండి." దానికి జవాబూ ఒకటే: "ఫలానాది పట్టుకోండి, మూడు చోట్ల ఫస్టు కొట్టింది." అడిగినవాడికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. తన దగ్గరున్న నలుగురు మగవాళ్లతో, ప్రదర్శనకు ముందు రెండు రోజులు మాత్రమే వీలున్న నటితో, మినీ వ్యానులో పట్టే సెట్టుతో ఆ నాటిక నిలబడుతుందా అన్నది అతనికి తెలియాలి. బహుమతుల జాబితా ఆ ముక్క చెప్పదు.

పరిషత్తుల్ని తక్కువ చేయడానికి కాదు ఈ మాట. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన దగ్గర్నుంచి తెలుగు నాటికకు తిండి పెట్టింది పోటీలే. 2023 డిసెంబరులో గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగిన నంది నాటకోత్సవాలూ పోటీలే. పోటీలే లేకపోతే నాటిక ఈపాటికి పాఠ్యపుస్తకాల్లో మిగిలేది. కానీ పోటీ కోసం రాసిన నాటిక ప్రతికి పోటీ పోలికలు వస్తాయి. ఉత్తమ హాస్యనటుడికి ఒక బహుమతి, ఉత్తమ ప్రతినాయకుడికి ఒక బహుమతి ఉన్నాయి కదా! అందుకని అవసరం ఉన్నా లేకున్నా ఇంట్లో ఒక పనివాడు నవ్విస్తాడు, పక్కింటి వడ్డీ వ్యాపారి ఉరుముతాడు. చివరి 5 నిమిషాల్లో ఒకరు స్టేజీ ముందుకొచ్చి సందేశం చెబుతారు, వెనక వయొలిన్ ఏడుస్తుంటుంది. ఇతివృత్తాలు సరేసరి: అమెరికా కొడుకు, వృద్ధాశ్రమం, సెల్‌ఫోను. వీటిలో చెడ్డ విషయం ఒక్కటీ లేదు. ఒకే రాత్రి మూడు నాటికలు చూసేవాడికి మూడింట్లోనూ అదే సోఫా కనపడటమే బాధ.

కొత్త ప్రతి చేతికొచ్చినప్పుడు ముందు ఆ హాస్యపాత్ర మాటలన్నీ పెన్సిలుతో కొట్టేసి చదవండి. కథ ఎక్కడా కుంటుపడకపోతే ఆ పాత్ర బహుమతి కోసం వచ్చిందన్నమాట. తర్వాత చివరి పేజీన్నర చేత్తో మూసి చదవండి. అప్పటికే విషయం మనసుకెక్కితే ఆ నాటిక గట్టిది, నిర్భయంగా ఇంకొకరికి చెప్పొచ్చు. ఆ పేజీన్నర ఉంచాలా తీసేయాలా అన్నది దర్శకుడూ రచయితా తేల్చుకుంటారు.

ఒక నాటిక గురించి ఇంకో సమాజానికి ఎలా చెప్పాలో ఊహించుకున్న నాటిక మీద చూద్దాం. గుంటూరు మిర్చి యార్డు, రాత్రి. ధర పడిపోయి సరుకు అమ్ముడుపోని రైతు, అతని కూతురు, కమీషను కొట్టు గుమస్తా, ఒక హమాలీ. దీని గురించి "రైతు కన్నీటి గాథ, ఆద్యంతం హృద్యం" అని రాస్తే అది సన్మానపత్రం అవుతుంది. పనికొచ్చే చీటీ ఇలా ఉంటుంది:

"పాత్రలు 4, అందులో స్త్రీ పాత్ర 1. గట్టిగా చదివితే 36 నిమిషాలు, స్టేజీ మీద 45. ఒకే చోటు, ఒకే రాత్రి. లైట్లు ఆర్పేది ఒక్కసారే. సెట్టు అంటే 10 టిక్కీలు (మిర్చి బస్తాలు), ఒక కాటా, ఒక ప్లాస్టిక్ కుర్చీ. గుమస్తా మొదటి 12 నిమిషాలు దాదాపు మాట్లాడడు, లెక్కలు రాసుకుంటూ వింటుంటాడు. ఆ వేషం కొత్తవాడికిస్తే నాటిక పోయినట్టే. కూతురు వచ్చేది సగం అయ్యాక, నటితో 2 రిహార్సళ్లు చాలు. 25వ నిమిషం దగ్గర రైతు అప్పుల పద్దు చదివేచోట ఊపు తగ్గుతుంది, అక్కడ సగం కోసేయాలి. కాలేజీ పిల్లలు వేయొచ్చు గానీ గుమస్తాకి మటుకు నడివయసు మనిషిని వెతకండి."

టిక్కీల దగ్గర మరో రెండు ముక్కలు కూడా రాయాలి. ఇలాంటివి చెప్పకపోతే ప్రతి సమాజమూ మళ్లీ మొదటి నుంచి దెబ్బతిని నేర్చుకోవాల్సి వస్తుంది. యార్డు నుంచి తెచ్చిన పాత గోతాల్లో కారం ధూళి పోదు. వాటిని బాగా దులిపి రెండు రోజులు ఎండలో వేయకపోతే రైతు ఏడవాల్సిన చోట తుమ్ముతాడు. లోపల ఎండుమిర్చి అసలు నింపొద్దు, వరిగడ్డి కుక్కితే చాలు. ఊక నింపితే కుట్టులోంచి కారి స్టేజీ అంతా జారుతుంది. అయితే నిజం టిక్కీ 40 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, గడ్డి టిక్కీ 5 కిలోలు కూడా తూగదు. హమాలీ దాన్ని దిండులా ఎత్తేస్తే ముందు వరుసలో కూర్చున్న రైతులే నవ్వుతారు. అతను ఎత్తే ఒక్క టిక్కీలో అడుగున 15 కిలోల ఇసుక మూట పెట్టండి. నడుం దానంతటదే వంగుతుంది, నటించక్కర్లేదు.

నిడివి దగ్గర అందరూ బోల్తా పడతారు. డీటీపీ పేజీలు లెక్కపెట్టి ఇంత సమయం అనుకోవడం దండగ. అక్షరం సైజు మారితే లెక్క మారిపోతుంది. అందరూ కూర్చుని వాచీ పెట్టుకుని గట్టిగా చదవాలి. వచ్చినదానికి నాలుగో వంతు కలిపితే స్టేజీ సమయం సుమారుగా తెలుస్తుంది. మౌనాలు, రాకపోకలు, సంగీతం ఎక్కువగా ఉన్న నాటికైతే మూడో వంతు కలపాలి. చదువుకే 50 నిమిషాలు పట్టే నాటిక, గంట గడువున్న పరిషత్తులో ఒడ్డున పడదు. విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల్లో ఏకాంకికకు గడువు 30 నిమిషాలే. అక్కడికి పరిషత్తు నాటికను కుదించి తీసుకెళ్లేవాళ్లు మధ్య దృశ్యాలు కోసేసి చివరి ఉపన్యాసం ఉంచుకుంటారు. కోయాల్సింది మొదటి 8 నిమిషాలు. పేపరు చదువుతూ కాఫీ అడిగే ఇంటిపెద్ద, ఫోను చేసే స్నేహితుడు, వాళ్లెవరూ లేకుండానే కథ మొదలెట్టవచ్చు.

స్త్రీ పాత్రల సంగతి మన దగ్గర కళ కంటే డేట్ల మీద నడుస్తోంది. వృత్తిగా వేషాలు వేసే నటీమణి ఒకే సీజనులో నాలుగైదు సమాజాలకు ఒప్పుకుని ఉంటుంది. ఆఖరి రిహార్సళ్లకే వస్తుంది. అది ఆమె బతుకుతెరువు, తప్పు పట్టేందుకేమీ లేదు. కానీ ముగ్గురు ఆడవాళ్లున్న నాటిక ఎంత బాగున్నా సమాజాలు ముట్టుకోవు, అది చూసి రచయితలు రాయడం తగ్గిస్తారు. అలాంటి ప్రతి కనపడితే దాన్ని పరిషత్తు సమాజానికి కాక మహిళా కళాశాలకు చెప్పండి.

ఎక్కడ ఆడతారన్నదీ చీటీలో ఉండాలి. విజయవాడ తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం లాంటి హాల్లో లైట్లు ఆర్పితే చీకటి పడుతుంది. ఊళ్లో గుడి ముందు వేసిన స్టేజీ మీద పడదు. వీధి దీపం ఉంటుంది, మిఠాయి బండి బల్బు ఉంటుంది. ఆరుసార్లు లైట్లార్పి దృశ్యం మార్చే నాటికలో కుర్చీలు మోసే కుర్రాళ్లను జనం ఆరుసార్లు చూస్తారు. ఒక్కో మార్పుకు 40 సెకన్లు వేసుకున్నా 4 నిమిషాలు పోతాయి. ఇక మైకులు. ముందు వరుసగా పెట్టే మైకులకు వెనక గోడ పక్కన మంచం మీద మూలిగే ముసలాయన గొంతు అందదు. తీరా నాటికలో అసలు రహస్యం చెప్పేది ఆయనే! మంచం ముందుకు లాగడానికి వీల్లేని నాటిక హాలు నాటికే, పందిరి నాటిక కాదు.

హక్కుల విషయం ఎవరూ అడగరు, గొడవ వచ్చేదాకా. కథను నాటికగా మలచినప్పుడు కథారచయిత అనుమతి ఉందో లేదో సిఫారసు చేసేవాడు కనుక్కోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులుంటాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, 2021తో గడువు తీరింది. ఆయన కథలకు ఎవరినీ అడగక్కర్లేదు. మన తెనాలివారే కదా అని కొడవటిగంటి కుటుంబరావు కథ ముట్టుకుంటే మాత్రం కుదరదు. ఆయన పోయింది 1980లో, 2040 చివరిదాకా వారసులను అడగాల్సిందే. ఔత్సాహిక సంస్థ టికెట్టు పెట్టకుండా ఆడితే ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతుంది, నిజమే. అది ఆడటానికిచ్చిన మినహాయింపు. ఆ ప్రదర్శన వీడియో తీసి యూట్యూబులో పెట్టడానికి అదే సాకు చెప్పలేం. అనుమతి లేఖలో ఎన్ని ప్రదర్శనలు, ఎంత పారితోషికం, ఎంతవరకు కోసుకోవచ్చు అన్న మూడూ రాయించుకుంటే తర్వాత మాట పట్టింపులుండవు.

ప్రేక్షకుడికి చెప్పాల్సింది వేరు. అతనికి టిక్కీల బరువుతో పనిలేదు. పరిషత్తు కరపత్రం తీసి చూడండి: సమాజం పేరు, నాటిక పేరు, రచన, దర్శకత్వం, మిగతా కాగితమంతా దాతల ఫొటోలు. అది దేని గురించో ఒక్క ముక్క ఉండదు. ఫొటోల సైజు వేలెడంత తగ్గిస్తే రెండు వాక్యాలు పడతాయి: "మిర్చి యార్డులో ఒక రాత్రి, ఒక అప్పు పద్దు. 45 నిమిషాలు, పిల్లలతో రావచ్చు." దాని పక్కన గంట కూడా వేయాలి, వేసిన గంటకు తెర లేపాలి. 7 గంటలని అచ్చేసి 8న్నర దాకా సన్మానాలు చేస్తే మూడో నాటిక మొదలయ్యేసరికి 11 దాటుతుంది. బస్సులు, రైళ్లు చూసుకునేవాళ్లు అప్పటికి లేచి వెళ్లిపోతారు. లాటరీలో మూడో స్థానం పడిన సమాజం ఆడేది ఖాళీ కుర్చీలకు, న్యాయనిర్ణేతలకు. శాలువాలు రెండో నాటికకూ మూడోదానికీ మధ్య కప్పుకోవచ్చు. సెట్టు మార్చడానికి ఎలాగూ 15 నిమిషాలు కావాలి.