13 చుక్కల దొంగ

సీసీ కెమెరాకి లెన్సు కొనేముందు లెక్క వేయకూడదు. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. లెక్క వేస్తే ఏం కనబడుతుందో, ఏం కనబడదో ముందే తెలిసిపోతుంది, అది తెలిసిపోయాక ఇంక కెమెరా మీద నమ్మకం ఏముంటుంది, భక్తి ఏముంటుంది? మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది కెమెరాలున్నాయి. ఎనిమిదింటికీ 2.8 మిల్లీమీటర్ల లెన్సే. గేటుకీ అదే, లిఫ్టుకీ అదే, మేడ మీద వాటర్ ట్యాంకుకీ అదే. ఏ దేవుడికైనా ఒకటే కొబ్బరికాయ అన్నట్టు. ఇదేంటయ్యా అని అడిగితే బిగించడానికొచ్చిన కుర్రాడు నిచ్చెన మీంచే తల తిప్పి "కవరేజ్ మస్తుంటది సార్" అన్నాడు.

కవరేజ్ అన్న మాట వినపడగానే అసోసియేషన్ వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. నిజంగానే మస్తుగా ఉంది. టీవీలో చూస్తే గేటు, గేటు పక్కన తులసికోట, వాచ్‌మన్ గది, అతని గది ముందు ఆరేసిన లుంగీ, ఎదురు రోడ్డు, రోడ్డవతల ఇస్త్రీ బండి, ఆపైన కాస్త ఆకాశం, అన్నీ ఒకే ఫ్రేములో. చివర్లలో గేటు స్తంభాలు విల్లులా వంగి కనబడేవి, వైడ్ లెన్సు గుణమే అంత. స్తంభం వంగితే వంగింది గానీ ఆకాశం ఉచితంగా వచ్చింది కదా అనుకున్నాం.

మొన్న సంక్రాంతికి రెండు రోజుల ముందు 204 వాళ్ల అబ్బాయి గేర్ల సైకిల్ పోయింది. సెక్రటరీ గారి హాల్లో తొమ్మిది మందిమి కూర్చున్నాం, టీ వచ్చింది, మిక్చర్ వచ్చింది, తెల్లవారుజామున 2:40కి దొంగ వచ్చాడు. గేటు దాకా నింపాదిగా నడిచాడు, సైకిల్ ఎత్తి భుజాన వేసుకున్నాడు, వెళ్లేముందు ఒకసారి కెమెరా వైపు తలెత్తి చూశాడు కూడా. మా అదృష్టానికి అందరం ఒక్కసారే "ఆపండి, ఆపండి" అని అరిచాం. ఆపారు. "జూమ్ చెయ్యండి" అన్నారు సెక్రటరీ గారు. చేశారు. ఇంకా చెయ్యమన్నారు. సినిమాలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు నాలుగు బటన్లు నొక్కగానే మొహం మీద పుట్టుమచ్చ దాకా వచ్చేస్తుంది కాబట్టి ఇక్కడా వస్తుందని ఎదురుచూశాం. గళ్లు పెద్దవయ్యాయి. ఇంకా పెద్దవయ్యాయి. అప్పుడు 103 ఆంటీ కళ్లజోడు సర్దుకుని, వేలితో లెక్కపెట్టి, "పదమూడు చుక్కలమ్మా" అన్నారు. సంక్రాంతి కదా, ఆవిడ దృష్టిలో అది ముగ్గు.

ఆంటీ లెక్క తప్పలేదు. మర్నాడు నేను టేపు తీసుకుని ఒక చివర వాచ్‌మన్‌కి ఇచ్చి కొలిచాను. కెమెరా నుంచి గేటుకి 14 మీటర్లు. ఆ తరవాతది చిన్నప్పటి త్రైరాశికమే: దూరాన్ని సెన్సర్ (లెన్సు వెనక బొమ్మ పడే చిప్పు) వెడల్పుతో హెచ్చవేసి లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్సుకి చెప్పే ఆ మిల్లీమీటర్లతో, భాగిస్తే, ఆ దూరంలో ఎంత వెడల్పు ఫ్రేములో పడుతుందో వస్తుంది. సెన్సర్ వెడల్పు 4.8 మిల్లీమీటర్లు, లెన్సు 2.8. అంటే గేటు దగ్గర 24 మీటర్లు. మా గేటు వెడల్పు నాలుగు మీటర్లు. మిగతా ఇరవై మీటర్లు లుంగీకి, తులసికోటకి, ఇస్త్రీ బండికి. రెండు మెగాపిక్సెళ్ల కెమెరాలో అడ్డంగా ఉండే చుక్కలు, అంటే పిక్సెళ్లు, 1,920. వాటిని 24 మీటర్లకి పంచితే మీటరుకి 80 వస్తాయి. మనిషి మొహం వెడల్పు పదహారు సెంటీమీటర్లు వేసుకోండి, పదమూడు చుక్కలు. ట్రిగనామెట్రీ వచ్చినవాళ్లు సెన్సర్ వెడల్పులో సగాన్ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, టాన్ ఇన్వర్స్ తీసి, రెండింతలు చేసుకుంటే 81 డిగ్రీలు అని కోణం కూడా వస్తుంది, కానీ డిగ్రీలతో దొంగని పట్టుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఈ లెక్క పట్టుకెళ్లి చూపిస్తే సెక్రటరీ గారు "కందకు లేని దురద కత్తిపీటకెందుకు బాబూ, సైకిల్ పోయినవాళ్లే ఊరుకున్నారు" అన్నారు. నిజమే కదా.

ఈ 4.8 ఎక్కణ్ణుంచి వచ్చిందని కొందరికి అనుమానం రావచ్చు, ఎందుకంటే డబ్బా మీద ఆ అంకె ఎక్కడా ఉండదు. 1/3 అంగుళం అని ఉంటుంది. అంగుళంలో మూడో వంతంటే 8.47 మిల్లీమీటర్లు. సెన్సర్‌ని అడ్డంగా కొలిచినా, నిలువుగా కొలిచినా ఆ 8.47 రాదు, మూల నుంచి మూలకి కొలిస్తే వచ్చేది 6. మిగతాది ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు. వెనకటికి టీవీ కెమెరాల్లో విడికాన్ అని గాజు గొట్టాలుండేవి, వాటిని గొట్టం బయటి వ్యాసంతో పిలిచేవాళ్లు, బొమ్మ పడే చోటు మాత్రం అంతకంటే చిన్నది. గొట్టాలు పోయి దశాబ్దాలైంది, కొలత మాత్రం గొట్టానిదే మిగిలింది. హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్నవాళ్లకి ఇది ఇంతకంటే వివరించక్కర్లేదు. 1/3 అంగుళం అనేది సూపర్ బిల్టప్ ఏరియా. కార్పెట్ ఏరియా 4.8 బై 3.6. ఫ్లాటులో కనీసం లిఫ్టూ మెట్లూ ఉంటాయి, ఇక్కడ లేని గొట్టాన్ని కూడా మన వాటాలో కలిపి చెప్పారు. (అదే 1/3 అని రాసున్నా పొడవాటి ఫ్రేము సెన్సర్లలో వెడల్పు కాస్త మారుతుంది. డేటాషీట్ చూసుకోవాలి. డేటాషీట్ చూసి కెమెరా కొనేవాడు ఈ వ్యాసం చదవడు కాబట్టి వదిలేద్దాం.)

ఐఈసీ 62676-4 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. దాని 2014 నాటి కూర్పు ప్రకారం మీటరుకి 25 చుక్కలుంటే అక్కడ ఎవరో ఉన్నారని తెలుస్తుంది. 62 దాటితే ఏం చేస్తున్నాడో చూడొచ్చు. తెలిసినవాడైతే ఫలానా అని గుర్తుపట్టాలంటే 125 కావాలి. తెలియనివాణ్ణి కూడా వీడే అని రూఢిగా చెప్పాలంటే 250. మాకు 80 ఉన్నాయి. అంటే దొంగ సైకిల్ ఎత్తుకెళ్లడం తొమ్మిది మందిమి చక్కగా చూడొచ్చు, అతనెవరని మాత్రం అడక్కూడదు. ఒక్క సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానమని మన పోలీసువాళ్లు ఎప్పట్నుంచో చెబుతున్నారు. ఆ లెక్కన ఆ రాత్రి మా గేటు దగ్గర వంద మంది ఉన్నారు, ఒక్కరికీ దూరం కనబడదు. పాపం వాళ్లననేం లాభం, కళ్లజోడు కొన్నది మేం.

అసోసియేషన్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు కాకుండా వారంలోనే మీటింగు పెట్టి, ఇంకో రెండు కెమెరాలు, ఎనిమిది మెగాపిక్సెళ్లవి, కొనాలని తీర్మానించారు. లెన్సు? 2.8. అడ్డంగా 3,840 చుక్కలు కాబట్టి మీటరుకి 160 వస్తాయి, అంటే దొంగ మా చుట్టమైతే గుర్తుపట్టొచ్చు. అదీ పగలు వస్తే. 12 మిల్లీమీటర్ల లెన్సు వేస్తే ఉన్న పాత కెమెరాతోనే ఫ్రేము వెడల్పు 5.6 మీటర్లకి తగ్గి, మీటరుకి 343 చుక్కలు వస్తాయని, ఖర్చు ఒక బిర్యానీకి అటూ ఇటూ అని నేను లేచి చెప్పాను. "5.6 మీటర్లేనా? 24 మీటర్లు వదులుకుని?" అని కోశాధికారి గారు గుండెల మీద చెయ్యేసుకున్నారు. ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు, స్థలం తగ్గడం ఆయనకి సహజంగానే బాధ.

చివరికి కోఠి గుజరాతీ గల్లీలో ఆ లెన్సు నేనే కొన్నాను. బొటనవేలి గోరంత ఉంటుంది, దాని మర వ్యాసం కూడా 12 మిల్లీమీటర్లే, అందుకే దాన్ని ఎం12 అంటారు. ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వాచ్‌మన్ నిచ్చెన పట్టుకుంటే ఎక్కాను. పాతది చేత్తోనే ఊడొచ్చింది, కొత్తది తిప్పుతూ ఉంటే కింద వాచ్‌మన్ ఫోన్లో చూస్తూ "మసక... మసక... ఆఁ ఆగండి సార్, గేటు తాళం కంపెనీ పేరు కూడా కనబడతాంది" అన్నాడు.

మూడు వారాలు ఎవరూ గమనించలేదు. గేటు తప్ప ఏమీ కనబడటం లేదన్న సంగతి కూడా ఎవరూ గమనించలేదు, ఎందుకంటే పోనిదే ఎవరూ వీడియో చూడరు. తరవాత రాత్రిపూట ఎవరో గేటు పక్కన చెత్త సంచి పడేసి పోతున్నారని గొడవ మొదలైంది. మళ్లీ సెక్రటరీ గారి హాలు, మళ్లీ టీ, మిక్చర్. 11:10కి ఒకాయన సంచీతో వచ్చి, అటూ ఇటూ చూసి, పడేశాడు. జూమ్ చెయ్యమని ఈసారి ఎవరూ అడగలేదు. చొక్కా జేబులో పెన్ను కూడా కనబడుతోంది. అందరం టీవీ వంక చూశాం, తరవాత టీ ట్రే పట్టుకుని నిలబడిపోయిన సెక్రటరీ గారి వంక చూశాం.

మర్నాడు ఉదయమే గ్రూపులో నోటీసు వచ్చింది. గేటు కెమెరాకి వెంటనే పాత లెన్సు బిగించాలట. కారణం: కవరేజ్ సరిపోవడం లేదు.