రిమాండు రోజున జడ్జి గారు చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

లాకప్ డెత్ వార్త రాగానే జరిగేవి మనకు బట్టీ వచ్చేశాయి. ఎస్సై సస్పెన్షన్, ఇద్దరు కానిస్టేబుళ్లు వీఆర్‌కి (అంటే పోస్టింగ్ లేకుండా పక్కన పెట్టడం), స్టేషన్ ముందు ధర్నా, ఎక్స్‌గ్రేషియా. నా కోపం పోలీసులతో ఆగదు, కోర్టు మీద కూడా ఉంది.

మా విజయనగరం జిల్లాలోనే ఒక కోర్టు వరండాలో చూశాను. సెల్‌ఫోన్ దొంగతనం కేసు. కుర్రాడు మడమ నేలకి ఆనించలేక మునివేళ్ల మీద నిలబడ్డాడు. అరికాళ్ల మీద కొట్టారని వేరే చెప్పాలా? పక్కన కానిస్టేబుల్ మెల్లగా, "అయ్యగారడిగితే ఏటీ నేదను, తెలిసిందా?" లోపల మేజిస్ట్రేటు గారు "పోలీసులు కొట్టారా?" అని అడిగారు. "నేదు బాబూ." 14 రోజుల రిమాండు. ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడూ కానిస్టేబుల్ ఆ కుర్రాడి చెయ్యి వదల్లేదు. అలా అడిగితే ఎవడు చెప్తాడండీ?

1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: అరెస్టు మెమో, ఇంటివాళ్లకు కబురు, 48 గంటలకోసారి వైద్య పరీక్ష. ఆ కాగితాల నకళ్లు మేజిస్ట్రేటుకే పంపాలి. అంటే తప్పు ముందుగా కనబడాల్సిన చోటు ఆయన బల్లే.

2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో జయరాజ్, ఆయన కొడుకు బెన్నిక్స్ పోలీసులు పట్టుకెళ్లి కొట్టాక చనిపోయారు. రిమాండిచ్చిన మేజిస్ట్రేటు వాళ్లను దగ్గరికి పిలిచి చూడనే లేదని, దూరం నుంచే సరే అనేశారని ఆరోపణ. తర్వాత విచారణకు వెళ్లిన ఇంకో మేజిస్ట్రేటు గట్టిగా నిలబడ్డారు కాబట్టే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ నోరు విప్పగలిగింది. ఆ గట్టిదనం రిమాండు రోజునే ఉండుంటే?

చనిపోయాక మనిషి ఏమీ చెప్పలేడు. కస్టడీ మరణంపై జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ 2006 నుంచే తప్పనిసరి, ఇప్పుడు సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 196వ సెక్షన్‌లోనూ ఉంది. మన దగ్గర మాత్రం జడ్జి కాని రెవెన్యూ అధికారి ఆర్డీవోతో విచారణ అనగానే అందరూ ఊరుకుంటారు, ఎవరు ఎవరిని విచారించాలో అడిగేవాడే ఉండడు. సీసీ కెమెరాలు ప్రతి స్టేషన్‌లోనూ పెట్టమని 2020లోనే సుప్రీంకోర్టు ఉత్తర్వు ఉంది. అసలు అవసరమైన రోజే అవి పనిచేయవు, అదేం చిత్రమో.

పోలీసుల్ని బయటికి పంపి, చొక్కా విప్పించి చూసి, ఆ కుర్రాడు చెప్పింది అతని మాటల్లోనే రికార్డు చేయడానికి పది నిమిషాలు చాలవూ? చేయని మేజిస్ట్రేటును హైకోర్టు సంజాయిషీ అడగాలి.

మీ వాళ్లనెవరినైనా తీసుకెళ్లారా? జిల్లా న్యాయ సేవాధికార సంస్థ రిమాండు అడ్వకేటును ఉచితంగా ఇస్తుంది. వాదన మొదలయ్యే ముందే ఆయన చెవిన వేయండి: దెబ్బలున్నాయి, రాయించండి అని.