సవరణ: కరయాన్ బీథోవెన్ సెట్ అంటే ఏది?

బీథోవెన్ తొమ్మిది సింఫనీలకి (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచనలు) కండక్టర్ కరయాన్, బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసిన డిస్కుల సెట్ కొనేయండి అని మొన్న ఒక్క ముక్కలో రాశాను కదా, దానికి ఈ వివరం జతచేసుకోండి. ఆ ఆర్కెస్ట్రాతో ఆయన ఆ తొమ్మిదింటినీ డాయిష్ గ్రామోఫోన్ అనే రికార్డు కంపెనీకి మూడుసార్లు రికార్డు చేశాడు: 1961-62లో, 1970ల్లో, మళ్ళీ 1980ల్లో డిజిటల్‌లో. 1950ల్లో లండన్ ఆర్కెస్ట్రా ఫిల్హార్మోనియాతో చేసింది వేరే.

నేను చెప్పింది 1961-62ది. అట్ట మీద పెద్దగా కనిపించే సంవత్సరాన్ని నమ్మొద్దు, అది రీమాస్టర్ చేసిన (పాత రికార్డింగు సౌండ్‌ని మళ్ళీ శుభ్రం చేసిన) ఏడాది కావచ్చు. వెనక చిన్న అక్షరాల్లో రికార్డు చేసిన తేదీలు చూడండి, లేదా తొమ్మిదో సింఫనీలో సోప్రానో (పై స్థాయి గొంతుతో పాడే గాయని) ఎవరో చూడండి, గుండులా యానోవిట్స్ అని ఉంటే అదే. డిజిటల్ సెట్ సౌండ్ నా చెవికి కాస్త గరుకు, మొదటి సెట్‌గా మాత్రం వద్దు.

ఇంకోటి, సెట్ ఉన్నా సరే, అయిదో, ఏడో సింఫనీలు కలిపి వియన్నా ఫిల్హార్మోనిక్‌తో కార్లోస్ క్లైబర్ అనే కండక్టర్ 1970ల్లో చేసిన డిస్కు విడిగా తీసుకోండి. అయిదోదాంట్లో మూడో భాగం చివర టింపనీ (ఆర్కెస్ట్రాలోని పెద్ద డ్రమ్ములు) మెల్లగా కొడుతూ కొడుతూ ఉండగా ఒక్కసారిగా నాలుగో భాగం విరుచుకుపడే చోటుంది, అది రెండిట్లోనూ పక్కపక్కన పెట్టి వినండి, రెండూ ఎందుకు కొనాలో తెలిసిపోతుంది.